లారా జీన్‌తో మొదలుపెట్టాలా, హ్యానాతోనా? యంగ్ అడల్ట్, న్యూ అడల్ట్ ప్రేమ నవలల మధ్య ఎంపిక

ఇంగ్లిష్ ప్రేమ నవలలు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పుస్తకాల కొరత లేదు. చిక్కల్లా అన్నీ ఒకేలా కనబడటంలోనే ఉంది. లేత రంగు అట్ట, దాని మీద బొమ్మగా గీసిన ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, పైన వంపులు తిరిగిన అక్షరాల్లో పేరు. వాటిలో ఒకటి తొమ్మిదో తరగతి పిల్ల నిశ్చింతగా చదువుకోదగ్గది. పక్కనే ఉన్నది పద్దెనిమిది దాటినవాళ్ల కోసమే రాసింది. షాపులో రెండూ ఒకే బల్ల మీద ఉంటాయి, రీల్‌లో రెండూ ఒకే దొంతరలో ఉంటాయి.

టిక్‌టాక్‌ను మన దేశంలో 2020 జూన్‌లో నిషేధించారు గానీ అక్కడి పుస్తకాల హడావుడి ఆగలేదు, ఇన్‌స్టాగ్రామ్ దారిలో వచ్చేసింది. ఎక్కడో అమెరికాలో పాతికేళ్ల అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ ఒక పుస్తకాన్ని కెమెరాకు చూపిస్తుంది, ఇక్కడ ఖమ్మంలోనో భీమవరంలోనో ఇంటర్ చదివే పిల్ల ఆర్డర్ పెట్టేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు అట్ట చూసి పిల్లల కథ అనుకుంటారు. కాబట్టి ఏది ఎవరికి అన్నది కాస్త కూర్చుని తేల్చుకోవాల్సిన విషయమే.

పేరును ఎంతవరకు నమ్మాలి

యంగ్ అడల్ట్ అనేది అమెరికా లైబ్రరీలు దశాబ్దాలుగా వాడుతున్న పేరు. సుమారు పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పాఠకుల కోసం, ఆ వయసు పాత్రలతో రాసేవి. న్యూ అడల్ట్ నిన్నగాక మొన్న పుట్టింది. 2009లో సెయింట్ మార్టిన్స్ ప్రెస్ అనే న్యూయార్క్ ప్రచురణ సంస్థ ఒక పోటీ పెట్టి, యంగ్ అడల్ట్ ధోరణిలోనే ఉంటూ పద్దెనిమిది దాటిన పాత్రలుండే కథలు పంపమంది. పేరు అక్కణ్ణుంచి వచ్చింది. దాన్ని నిలబెట్టిన ఘనత మాత్రం సొంతంగా అచ్చేసుకున్న రచయితలది, వాళ్లను వెతుక్కుని చదివిన పాఠకులది. 2011, 2012 ప్రాంతంలో జేమీ మెక్‌గ్వైర్, కొలీన్ హూవర్ లాంటివాళ్లు తమ నవలల్ని తామే ఈబుక్కులుగా అమ్మకానికి పెట్టుకున్నారు. అవి విపరీతంగా అమ్ముడుపోయాక పెద్ద సంస్థలు వెంటపడి మరీ కొనుక్కున్నాయి.

అందుకే ఈ రకానికి గట్టి హద్దులేవీ లేవు. చాలా షాపుల్లో న్యూ అడల్ట్‌కి విడిగా అరే ఉండదు, పెద్దల ప్రేమ నవలల్లో కలిపేస్తారు. పేరు మారిపోయిన పుస్తకాలూ ఉన్నాయి. సారా జె. మాస్ రాసిన ఫాంటసీ 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' 2015లో యంగ్ అడల్ట్‌గా బయటికొచ్చింది, 2020లో కొత్త అట్టతో పెద్దల పుస్తకమైపోయింది. లోపలి కథ అదే.

నా మట్టుకు నేను పుస్తకం ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు చూస్తాను. కథానాయిక రాత్రి ఎవరింట్లో పడుకుంటుంది? ఇద్దరూ గదిలోకి వెళ్లాక రచయిత తలుపు వేసేస్తారా, తీసే ఉంచుతారా? ప్రేమ కాకుండా కథ ఇంకేం బరువు మోస్తోంది? ఈ మూడూ తెలిస్తే అట్ట మీద ఏ పేరున్నా ఫర్వాలేదు. వీటిలో మొదటిది అందరూ వదిలేసేది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే.

ఒకే నాటకం, మూడు ఇళ్లు

ఈ నవలల్లో మాటిమాటికీ కనిపించే ఎత్తుగడ ఒకటుంది. ఏదో అవసరం కోసం ఇద్దరు ప్రేమికుల్లా నటించడం, నటిస్తూ నటిస్తూ నిజంగానే ప్రేమలో పడిపోవడం. ఇంగ్లిష్ పాఠకులు ఫేక్ డేటింగ్ అంటారు. పెళ్లయినట్టు నటించే జంటల్ని మన సినిమాల్లో బోలెడుసార్లు చూశాం కాబట్టి మనకేం కొత్త కాదు. ఆ ఒక్క ఎత్తుగడనే మూడు వయసుల్లో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

మొదటిది జెన్నీ హాన్ 2014లో రాసిన 'టు ఆల్ ద బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్'. నెట్‌ఫ్లిక్స్‌లో 2018లో సినిమాగా కూడా వచ్చింది. లారా జీన్‌కి పదహారేళ్లు. వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో తండ్రి, అక్క, చెల్లితో ఉంటుంది. తల్లి కొరియన్ కుటుంబం నుంచి వచ్చిన మనిషి, చనిపోయింది. తాను ఇష్టపడిన అయిదుగురు అబ్బాయిలకు ఉత్తరాలు రాసి, పంపకుండా పెట్టెలో దాచుకుంటుంది. అవి ఎలాగో పోస్టులో వెళ్లిపోతాయి. అందులో ఒకటి అక్కతో మొన్నటిదాకా తిరిగిన అబ్బాయికి! ఆ తలవంపులు తప్పించుకోవడానికే పీటర్ అనే క్లాస్‌మేట్‌తో ప్రేమ నాటకం. కాగితం మీద షరతులు కూడా రాసుకుంటారు.

ఇందులో టెన్షన్ ఎక్కడుందో చూడండి. అక్కకు తెలిస్తే ఏమనుకుంటుంది? అక్క చదువుకు స్కాట్లాండ్ వెళ్లిపోయాక ఇంటి బాధ్యత ఎవరిది? చెల్లి ఇంకేం కొంప ముంచబోతోంది? ప్రేమంతా ఇంటివాళ్ల కళ్ల ముందే, వంటింటికీ స్కూలుకూ మధ్యే నడుస్తుంది. స్కూల్ ట్రిప్‌లో ఏదో జరిగిందన్న పుకారుకే ఆ పిల్ల ప్రాణం విలవిల్లాడుతుంది.

రెండోది ఎల్ కెనడీ 2015లో రాసిన 'ద డీల్'. హ్యానా, గ్యారెట్ యూనివర్సిటీ విద్యార్థులు. అతను ఐస్ హాకీ జట్టు కెప్టెన్. ఎథిక్స్ పేపర్లో మార్కులు పడిపోతే ఆట ఆగిపోతుంది. ఆమె అతనికి పాఠం చెప్పాలి, బదులుగా ఆమె మనసు పడ్డ ఇంకో కుర్రాడి కళ్లు ఇటు తిరిగేలా అతను ఆమెతో జంటగా కనబడాలి. ఒప్పందం అదీ. ఇక్కడ అమ్మానాన్నలు ఎక్కడో దూరంగా ఉంటారు. హాస్టల్ గది, హాకీ కుర్రాళ్లు కలిసి ఉండే ఇల్లు, పార్టీలు, బార్లు, వీటి మధ్యే కథంతా. ఎన్నింటికి ఇంటికొచ్చావని అడిగే మనిషే లేడు. ఆ స్వేచ్ఛ వెనకాల పాత గాయాలున్నాయి. హ్యానా స్కూల్లో ఉండగా అత్యాచారానికి గురైంది. గ్యారెట్ తండ్రి పేరున్న హాకీ ఆటగాడు, ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి. పడక సన్నివేశాలు వివరంగానే ఉంటాయి. అయితే అవి కథకు అతికించినవి కావని నాకనిపిస్తుంది. తన ఒంటి మీద తనకు మళ్లీ హక్కు తెచ్చుకోవడమే హ్యానా కథ, ఆ సన్నివేశాలు తీసేస్తే ఆమె ప్రయాణమే తెగిపోతుంది.

మూడోది ఆలీ హేజల్‌వుడ్ 2021లో రాసిన 'ద లవ్ హైపోథెసిస్'. స్టార్ వార్స్ అభిమానులు రాసుకునే కథగా ఇంటర్నెట్‌లో మొదలై నవలగా మారింది. ఆలివ్ స్టాన్‌ఫోర్డ్‌లో బయాలజీ పీహెచ్‌డీ చేస్తోంది. తనకు బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడని స్నేహితురాలిని నమ్మించడానికి ఎదురుపడ్డ మొదటి మగవాణ్ణి ముద్దు పెట్టేసుకుంటుంది. అతను విద్యార్థులు హడలిపోయే ప్రొఫెసర్ ఆడమ్ కార్ల్‌సెన్. అతనికీ ఒక అవసరం ఉంది. యూనివర్సిటీ వదిలి వెళ్లిపోతాడేమోనన్న అనుమానంతో అతని పరిశోధన డబ్బులు ఆపేశారు, ఇక్కడే స్థిరపడేవాడిలా కనిపించాలి. ఈ కథలో భయాలన్నీ ల్యాబ్ చుట్టూనే. ఫండింగ్ వస్తుందా, కాన్ఫరెన్స్‌లో పేరు నిలబడుతుందా, పేరున్న పెద్ద శాస్త్రవేత్త తప్పుగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పుకోవాలి? అమెరికాలో ఎంఎస్, పీహెచ్‌డీలు చేస్తూ గైడ్ మెయిల్ కోసం ఎదురుచూసే మనవాళ్లకు ఇందులో ప్రేమకన్నా ఈ భాగమే ఎక్కువ తగులుతుందని నా అనుమానం. పాత్రల వయసు చూస్తే ఇది న్యూ అడల్ట్ చివరి అంచు, షాపులో దొరికేది పెద్దల రొమాన్స్ అరలో.

ఇప్పుడు మన సంగతి. పుస్తకాల సైట్లన్నీ వయసును బట్టి ఎంచుకోమంటాయి: పదహారైతే ఇది, ఇరవై రెండైతే అది. ఆ లెక్క అమెరికా ఇళ్లకు సరిపోతుంది, అక్కడ పద్దెనిమిది దాటగానే పిల్లలు ఇల్లు వదిలే అలవాటుంది కాబట్టి. మన దగ్గర బీటెక్ అయిపోయి ఉద్యోగంలో చేరిన అమ్మాయికి కూడా రాత్రి తొమ్మిదైతే నాన్న ఫోన్ వస్తుంది. ఇంటర్ నుంచే హాస్టల్లో ఉన్నవాళ్లకైనా, స్టడీ అవర్లతో నిండిన ఆ హాస్టల్‌కీ అమెరికన్ నవల్లోని డార్మ్‌కీ పోలికే లేదు. అందుకే వయసు ప్రకారం న్యూ అడల్ట్‌కి సరిపోయే ఇరవై రెండేళ్ల తెలుగు అమ్మాయికి, ఇంటి పరిస్థితి ప్రకారం యంగ్ అడల్టే దగ్గరగా అనిపించొచ్చు. 'ఇంట్లో ఏమంటారు' అన్న ప్రశ్న ఆమెకింకా పాతబడలేదు. మీ జీవితంలో ఇప్పుడు ఏ ప్రశ్న నడుస్తోందో అదే ప్రశ్న ఉన్న పుస్తకం తీసుకోండి. పుట్టినతేదీ తర్వాత చూసుకోవచ్చు.

తలుపు తీసి ఉందా

పడక సన్నివేశాల మోతాదును రీల్స్‌లో స్పైస్ అంటారు, ఎర్ర మిరపకాయల బొమ్మలు పెట్టి లెక్క చెబుతారు. ఆ లెక్కను నమ్ముకోకండి. ఒకరికి రెండు మిరపకాయలైంది ఇంకొకరికి అయిదు. ఆంధ్రా మెస్సులో 'కారం తక్కువే' అని వడ్డించే పచ్చడి లాంటిది ఆ హామీ.

యంగ్ అడల్ట్‌లో సాధారణంగా ముద్దుతో ఆగుతుంది, లేదా తలుపు మూసుకుని తెల్లారిపోతుంది. న్యూ అడల్ట్‌లో ఎక్కువ భాగం తలుపు తీసే ఉంటుంది, పేజీలకు పేజీలు. ఇందులో బాగా తికమకపెట్టేది హ్యానా గ్రేస్ 2022లో తెచ్చిన 'ఐస్‌బ్రేకర్'. ఫిగర్ స్కేటింగ్ చేసే అనస్టేషియా, హాకీ కెప్టెన్ నేట్ ఒకే ఐస్ రింక్ పంచుకోవాల్సి వస్తుంది. అట్ట మీద ముద్దొచ్చే కార్టూన్ బొమ్మలు. లోపల పూర్తిగా పెద్దల వ్యవహారం. అట్ట చూసి ఎనిమిదో తరగతి పిల్లకు పుట్టినరోజు కానుకగా ఇవ్వడానికి పనికొచ్చే పుస్తకం కాదు. 'ద లవ్ హైపోథెసిస్' అట్టా కార్టూనే. అందులో అలాంటి ఘట్టం కథ చివరి మూడో వంతుకు గానీ రాదు, అందుకే సగం చదివి 'ఏమీ లేదు' అని చెల్లికి ఇచ్చేసేవాళ్లుంటారు.

కిండిల్‌లో ఉచితంగా దొరికే శాంపిల్ ఇక్కడ పనికిరాదు. శాంపిల్‌లో మొదటి అధ్యాయాలే ఉంటాయి, మొదటి అధ్యాయాల్లో ఎవరైనా బుద్ధిగానే ఉంటారు. భాష నచ్చుతుందో లేదో చూసుకోవడానికి మాత్రం అంతకన్నా మంచి దారి లేదు.

నమ్మకంగా తెలుసుకోవాలంటే పుస్తకం మొదట్లో కాపీరైట్ పేజీ తీయండి. ప్రచురణ విభాగం పేరులో యంగ్ రీడర్స్, టీన్, చిల్డ్రన్స్ బుక్స్ లాంటి మాటలుంటే అది పిల్లల విభాగం నుంచి వచ్చినట్టు. జెన్నీ హాన్ పుస్తకం మీద 'సైమన్ అండ్ షూస్టర్ బుక్స్ ఫర్ యంగ్ రీడర్స్' అని ఉంటుంది. 'ఐస్‌బ్రేకర్' వేసింది ఏట్రియా, 'ద లవ్ హైపోథెసిస్' వేసింది బర్కిలీ. రెండూ పెద్దల పుస్తకాలేసే విభాగాలు. తర్వాత స్టోరీగ్రాఫ్ అనే సైట్‌లో పుస్తకం పేరు కొడితే, ఏయే ఇబ్బందికర విషయాలున్నాయో, అవి ఎంత మోతాదులో ఉన్నాయో పాఠకులు గుర్తుపెట్టిన జాబితా కనిపిస్తుంది. పిల్లల కోసం చూసే తల్లిదండ్రులకు కామన్ సెన్స్ మీడియా అనే సైట్ పనికొస్తుంది, ఏ వయసుకు తగిందో చెబుతుంది. అయితే అందులో యంగ్ అడల్ట్ దొరికినంతగా న్యూ అడల్ట్ దొరకదు. న్యూ అడల్ట్ రచయితలు చాలామంది ఇప్పుడు మొదటి పేజీల్లో తామే హెచ్చరిక రాస్తున్నారు. దాన్ని దాటేయకండి.

డార్క్ రొమాన్స్ అని ఇంకో రకం రీల్స్‌లో తిరుగుతుంటుంది. కిడ్నాపులు, బలవంతాలు, మాఫియాలు. న్యూ అడల్ట్ మొదలుపెట్టే మనిషి అటు వెళ్లాల్సిన పనిలేదు.

పువ్వుల అట్ట కింద బరువు

యంగ్ అడల్ట్ అంటే తేలిక, న్యూ అడల్ట్ అంటే బరువు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. జాన్ గ్రీన్ 2012లో రాసిన 'ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్' యంగ్ అడల్టే. పదహారేళ్ల హేజల్‌కి థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది, ఆక్సిజన్ సిలిండర్ లాక్కుంటూ తిరుగుతుంది. 2020లో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ ఆఖరి సినిమాగా వచ్చిన 'దిల్ బేచారా' ఈ కథే. ముద్దు సన్నివేశాల గురించి బెంగపెట్టుకునే ఇంట్లో ఈ పుస్తకాన్ని నిశ్చింతగా ఇస్తారు. ఇటీవలే ఆస్పత్రి గుమ్మం ఎక్కిదిగిన ఇంట్లో మాత్రం ఇవ్వడానికి ఆలోచించాలి. తలుపు మూసి ఉన్నంత మాత్రాన పుస్తకం తేలికది కాదు.

ఇటువైపు చూస్తే కొలీన్ హూవర్ 2016లో రాసిన 'ఇట్ ఎండ్స్ విత్ అస్'. మన దగ్గర ఈ రచయిత్రి పుస్తకాలు ఎయిర్‌పోర్టు షాపు నుంచి ఫుట్‌పాత్ దాకా దొరుకుతాయి. అట్ట నిండా పువ్వులు, కథానాయిక లిలీ నడిపేది కూడా పూలకొట్టే. డాక్టరును ప్రేమించి పెళ్లి చేసుకుంటుంది, అతను కొడతాడు. తల్లి ఎందుకు భరించిందో చిన్నప్పటి నుంచి అర్థంకాని అమ్మాయి తానే ఆ స్థితిలోకి వెళ్తుంది. రచయిత్రి తన తల్లి జీవితం నుంచి తీసుకున్నానని పుస్తకం చివర్లో రాసింది. ప్రేమకథ కావాలని తీసుకున్నవాళ్లు సగంలో దిమ్మెరపోతారు. ఇంట్లో హింస నుంచి బయటపడటం గురించి చదువుతున్నామని తెలిసి చదివితే మంచి పుస్తకమే. పదమూడేళ్ల పిల్లకు మాత్రం ఇది మొదటి ప్రేమ నవల కాకూడదు.

బరువులో ఇంకో రకముంది, అది హెచ్చరికల జాబితాలో సరిగ్గా దొరకదు: అసూయను ప్రేమగా చూపించడం. హీరో ఫోన్ లాక్కుంటాడు, మాట్లాడిన కుర్రాణ్ణి కొడతాడు, ఆమె ఎక్కడుందో కనిపెట్టి వచ్చేస్తాడు. కథ దాన్ని ముద్దుగానే చూస్తుంది. న్యూ అడల్ట్ తొలినాళ్లలో ఇలాంటివి ఎక్కువ. ఆనా టాడ్ 'ఆఫ్టర్' 2013లో, ఎవరైనా కథలు రాసి పెట్టుకునే వాట్‌ప్యాడ్ అనే సైట్‌లో, గాయకుడు హ్యారీ స్టైల్స్ మీద అభిమానంతో రాసిన సీరియల్‌గా మొదలైంది. మరుసటేడు పుస్తకమైంది. ప్రతి అధ్యాయం చివర ఒక కొక్కెం, ప్రతి పాతిక పేజీలకూ ఒక గొడవ. వారపత్రిక సీరియల్ చదివిన అలవాటున్నవాళ్లు దాన్ని వదల్లేరు. చదవొద్దని నేననను. కానీ మొదటి పుస్తకంగా వద్దు.

పొగరున్న డబ్బున్న హీరో మనకు పరాయివాడేం కాదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరాన్ని మన అమ్మలు, అమ్మమ్మలు గుండెల్లో పెట్టుకున్నారు. అయితే అక్కడ అతనికి దీటుగా జయంతి ఆత్మాభిమానం నిలబడి ఉంటుంది. న్యూ అడల్ట్ పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ కొలత బాగా పనిచేస్తుంది: అతనెంత గొప్పవాడన్నది పక్కనపెట్టి, ఆమె 'కాదు' అన్నప్పుడు కథ ఎవరి వైపు నిలబడుతోందో చూడండి. 'ద డీల్' ఆ పరీక్షలో నెగ్గుతుంది. 'ఆఫ్టర్' నా దృష్టిలో నెగ్గదు.

గోడ మీద కూర్చున్న పుస్తకాలు

రెండు రకాలకూ మధ్యలో కొన్ని ఉన్నాయి. నిజానికి చాలామందికి సరిపోయేవి ఇవే.

రెయిన్‌బో రోవెల్ 2013లో రాసిన 'ఫ్యాన్‌గర్ల్'. నెబ్రాస్కాలో యూనివర్సిటీ మొదటి ఏడాది. క్యాత్, రెన్ కవల అక్కచెల్లెళ్లు. రెన్ కొత్త స్నేహితుల్లో కలిసిపోతుంది, క్యాత్ హాస్టల్ గదిలో ముడుచుకుని ఫ్యాన్ ఫిక్షన్, అంటే తనకిష్టమైన పుస్తకంలోని పాత్రలతో సొంత కథలు, రాసుకుంటుంది. మెస్ హాల్‌కి వెళ్లడానికి భయపడి గదిలోనే ఏదో ఒకటి తిని గడిపేస్తుంది. ఇంటి దగ్గర తండ్రి మానసిక ఆరోగ్యం బాగుండదు. కాలేజీ కథే అయినా యంగ్ అడల్ట్‌గానే వచ్చింది, చదివినా అలాగే ఉంటుంది. ఇంటర్ అయిపోయి కొత్త ఊళ్లో బీటెక్‌లో చేరబోతున్న పిల్లకు ఇంతకన్నా తగిన పుస్తకం నాకు తోచదు. ప్రేమ నెమ్మదిగా, చివరికి వస్తుంది. దానికి తొందరపడేవాళ్లు విసుక్కుంటారు.

సంధ్యా మేనన్ 2017లో రాసిన 'వెన్ డింపుల్ మెట్ రిషి' కూడా పద్దెనిమిదేళ్లవాళ్ల కథే. అమెరికాలో పెరిగిన ఇద్దరు భారతీయ పిల్లలు. పెద్దవాళ్లు సంబంధం అనుకున్న సంగతి రిషికి తెలుసు, డింపుల్‌కి తెలియదు. శాన్ ఫ్రాన్సిస్కోలో యాప్ తయారీ శిక్షణకు వెళ్తే అక్కడ ఇతను కాబోయే పెళ్లాన్ని పలకరించినట్టు పలకరిస్తాడు, ఆమె చేతిలో ఉన్న ఐస్ కాఫీ అతని మీద పోసేసి పారిపోతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న మన పిల్లలకు ఈ ఇల్లు బాగా తెలిసిన ఇల్లే. పుస్తకం రెండో సగం కాస్త సాగుతుంది, ఆ శిక్షణలో జరిగే యాప్ పోటీ సంగతి రచయిత్రే మర్చిపోయినట్టుంటుంది.

ఐర్లండ్ రచయిత్రి శాలీ రూనీ 2018లో రాసిన 'నార్మల్ పీపుల్' పాత్రల వయసు కూడా స్కూలు చివరి నుంచి డబ్లిన్ కాలేజీ దాకా. కానీ అది రొమాన్స్ హామీ ఇచ్చే నవల కాదు. సంభాషణలకు కొటేషన్ గుర్తులు కూడా ఉండవు. సుఖాంతం కావాలనుకునేవాళ్లు దాని జోలికి పోకండి.

నవల పూర్తి చేసే ఓపిక లేని పిల్లలకు ఆలిస్ ఓస్‌మన్ బొమ్మల పుస్తకం 'హార్ట్‌స్టాపర్' ఉంది. ఇంగ్లండ్ స్కూల్లో చార్లీ, నిక్ అనే ఇద్దరబ్బాయిల ప్రేమ. మొదటి సంపుటం ఒక సాయంత్రంలో అయిపోతుంది. తర్వాతి సంపుటాల్లో చార్లీ తిండి మానేసే జబ్బు ప్రస్తావన వస్తుంది, అది తెలిసి ఇవ్వండి.

ఇంగ్లిష్, సిరీస్, కొనడం

భాషపరంగా యంగ్ అడల్ట్ తేలిక. 'నేను' అని చెప్పే కథనం, చిన్న వాక్యాలు. కష్టమల్లా అక్కడి స్కూలు మాటలతోనే. సోఫోమోర్ అంటే పదో తరగతి, జూనియర్ అంటే మన జూనియర్ ఇంటర్, సీనియర్ అంటే సీనియర్ ఇంటర్ వయసు. కాలేజీలోకి వెళ్లాక మళ్లీ ఇవే పేర్లు తిరిగొస్తాయి. న్యూ అడల్ట్‌లో వాక్యాలు కష్టం కాదు గానీ బూతులు, వాడుక మాటలు ఎక్కువ. ఇంగ్లిష్ మెరుగుపరుచుకోవడానికి చదివేవాళ్లు జెన్నీ హాన్‌తో మొదలుపెట్టడం మేలు.

సిరీస్ విషయంలో ఒక తేడా జేబుకు సంబంధించింది. యంగ్ అడల్ట్‌లో మూడు పుస్తకాలంటే తరచూ ఒకే జంట, వరుసగా చదవాలి. లారా జీన్ కథ 2014, 2015, 2017ల్లో మూడుగా వచ్చింది. న్యూ అడల్ట్ సిరీస్‌లో తరచూ ఒక్కో పుస్తకం ఒక్కో జంటది. 'ద డీల్' ఉన్న 'ఆఫ్ క్యాంపస్' వరుసలో గ్యారెట్ స్నేహితులకు ఒక్కొక్కరికీ ఒక్కో పుస్తకం. ఒకటి చదివి ఆపేసినా కథ తెగదు. బాక్స్ సెట్ కొనకుండా ఒకటి కొని చూడండి.

ఫుట్‌పాత్ మీద కొత్త పుస్తకం సగం ధరకన్నా తక్కువకు దొరికితే అది దొంగ ప్రింటు అయ్యే అవకాశమే ఎక్కువ. పల్చటి కాగితం, మసకబారిన అక్షరాలు, మధ్యలో పేజీలు మాయం. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల్లోనో విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో అసలైన సెకండ్ హ్యాండ్ కాపీలూ ఉంటాయి, కాస్త తిరగేసి చూసుకోవాలంతే. తెలుగులోనే చదవాలనుకునేవాళ్లకు ప్రతిలిపిలో ప్రేమ సీరియళ్లకు లోటు లేదు. అయితే పిల్లల కథలకూ పెద్దల నవలలకూ మధ్య ఈ వయసుకంటూ విడిగా అర మనకింకా ఏర్పడలేదు, కాబట్టి ఏది ఎవరికన్నది అక్కడా మీరే చూసుకోవాలి.

ఎవరికి ఏది

పదో తరగతి లోపు పిల్లలకు లారా జీన్, లేదంటే 'హార్ట్‌స్టాపర్' మొదటి సంపుటం. ఇంటర్‌లో ఉన్నవాళ్లకూ లారా జీనే, ఏడుపు కావాలంటే 'ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్'. బీటెక్, డిగ్రీ మొదటి ఏడాదిలో 'ఫ్యాన్‌గర్ల్'. ఆ తర్వాత ఇంకా ముందుకు వెళ్లాలనిపిస్తే 'ద డీల్', అందులో అత్యాచారం ప్రస్తావన ఉందని గుర్తుపెట్టుకుని. ఉద్యోగం, ఎంఎస్ చేస్తున్నవాళ్లు నేరుగా 'ద లవ్ హైపోథెసిస్' తీసుకోవచ్చు. 'ఇట్ ఎండ్స్ విత్ అస్' ఇంకొన్నాళ్లు ఆగినా ఎక్కడికీ పోదు.

కూతురు ఏం చదువుతోందో తెలుసుకోవాలనుకునే అమ్మలు ఫోన్ తనిఖీ చేసేకన్నా డింపుల్ పుస్తకం తెచ్చుకుని చదవడం మంచిది. అందులో డింపుల్ తల్లి కాటుక పెట్టుకోమని, మంచి మొగుణ్ణి చూసుకోమని పోరుతూ ఉంటుంది. ఆమెది తప్పా ఒప్పా అన్న దగ్గర అమ్మాకూతుళ్లకు ఎలాగూ మాటామాటా వస్తుంది.